ఎడమకాలి చెప్పు

మరగతం మా కొట్టుకు మొదటిసారి వచ్చింది ఇసుక కొనడానికి కాదు, తిరిగి ఇవ్వడానికి. గుప్పిట తెరిచి నా బల్ల మీద కుమ్మరించింది.

"ఇదేంది అన్నా?"

"ఇసుక."

"ఇది ఇసుకా?" ట్రాక్ ప్యాంటు మోకాలి దాకా లాగి చూపించింది. పిక్క మీదంతా ఎర్రటి గీతలు. "దీంట్లో పడేది నేను. గోడ కాదు."

పుదుచ్చేరి మేట్టుపాళయంలో మాది సిమెంటు, ఇసుక, ఇటుకల వ్యాపారం. ఉప్పళం గ్రౌండులో లాంగ్ జంప్ గుంతకు ఇసుక కావాలని కోచ్ అరివళగన్ సార్ అడిగితే, ఉన్నవాటిలో మేలైనదని ఎం-శాండ్ పంపాను. రాయి పగలగొట్టి చేసే ఇసుక అది. అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి సిమెంటును పట్టి వదలదు. మనిషి చర్మాన్నీ వదలదని నాకు తోచలేదు.

"ఇన్నేళ్లలో ఒక్క మేస్త్రీ కంప్లయింట్ చెయ్యలేదే."

"మేస్త్రీలు పరుగెత్తుకొచ్చి దాంట్లో కూర్చుంటారా అన్నా?"

బోర్డు మీద పురుషోత్తమన్ అని పెద్దక్షరాల్లో నా పేరుంది. ఆమెకు మాత్రం నేను అన్ననే.

సాయంత్రానికల్లా పాతదంతా ఎత్తించి, కడిగిన ఏటి ఇసుక పోయించాను. వ్యాపారంగా చూస్తే నష్టమే. దూకి చూసి చెప్తానంది, సరేనని నిలబడ్డాను. పరుగు మొదలుపెట్టినప్పుడు ఒక పిల్ల. కాలు మోపి ఎగిరే పలక దగ్గరికి వచ్చేసరికి ఇంకెవరో. గాలిలోకి లేచి, దిగడం మర్చిపోయిందేమో అనిపించేలా సాగి, ఇసుకలో పడింది. జడ దులుపుకుంటూ లేచి నావైపు చూసి నవ్వింది.

"ఇప్పుడు సరే అన్నా."

నా లాభనష్టాలు అక్కడే తారుమారయ్యాయి. మిగిలిన నష్టమల్లా ఆ చివరి మాట ఒక్కటే.

తర్వాత జల్లెడ పట్టుకుని నేనే గ్రౌండుకు పోవడం మొదలుపెట్టాను.

"అమ్మిన ఇసుకను మళ్లీ వచ్చి జల్లించే వ్యాపారిని యాడా చూడలేదు అన్నా."

"ఆఫ్టర్ సేల్స్ సర్వీస్."

"గోడలకు కూడా చేస్తావా?"

"గోడలు ఇట్లా నవ్వవు."

ఆమె షూ లేసులు అప్పటికే గట్టిగా ఉన్నాయి. అయినా వంగి మళ్లీ కట్టుకుంది.

స్కూలు నుంచీ మరగతం వంద మీటర్ల పరుగులో పుదుచ్చేరి తరఫున పతకాలు తెస్తూనే ఉంది. నిరుడు జంప్‌లో తొడ కండరం చిట్లింది. కోలుకున్నాక సార్ ఒకే మాట అన్నారు. రాబోయే పుదుచ్చేరి మీట్‌లో ఆరు మీటర్లు దాటితే నేషనల్స్‌కు రెండింటికీ పేరు పంపుతాను, లేకుంటే ఇక పరుగు మాత్రమే.

"పరుగు చాలదా?" అనడిగాను.

"పరుగు నాకు వచ్చింది. జంప్ నాకు కావాల్సింది."

చేతికొచ్చిన సరుకు వేరు, మనసుపడ్డ సరుకు వేరు. నాకు వెంటనే అర్థమైంది.

మీట్ రోజు తెల్లవారుజామునే వాన పట్టుకుంది. సిమెంటు బస్తాల మీది టార్పాలిన్ తెచ్చి గుంతకు కప్పాను. వాన ఆగాక పోటీలు మొదలయ్యాయి. మొదటి జంప్ పలక దాటి అడుగేసింది, ఎర్రజెండా ఎత్తారు, అది లెక్కలోకి రాదు. వెంటనే వంద మీటర్ల ఫైనల్‌కు పరుగెత్తి, అది గెలిచి, ఒగరుస్తూ తిరిగొచ్చి దూకింది. మళ్లీ ఎర్రజెండా. ఇంకొక్కటి తప్పితే అయిపోయినట్టే.

"కాలు ఇంకా కుదరలేదమ్మా," అన్నారు సార్.

"కాలు కాదు సార్. నా వేగం పెరిగింది. మార్కు పాతది."

పరుగు ఎక్కడ మొదలుపెట్టాలో చూపించే గుర్తు అది. వెనక్కి జరపాలి. తడి ట్రాకు మీద టేపు అంటుకోలేదు.

"ట్రాకు పక్కన ఏదో ఒకటి పెట్టుకోమ్మా, టైం అయితా ఉంది," అన్నాడు అంపైర్.

ఆమె చుట్టూ చూసి కంచె దగ్గరున్న నా ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"నీ చెప్పు ఒకటి ఇయ్యి."

ఎడమకాలిది తీసిచ్చాను. గ్యాలరీలో కూర్చున్న ఆమె నాయన, కరెంటు లైన్‌మన్ గోవిందస్వామికి కనిపించింది అంతే. ఎవడో కుర్రాడి ముందు కూతురు, చేతిలో చెప్పు. మెట్లు దూకుతూ దిగొచ్చి నా కాలర్ పట్టుకున్నాడు.

"నా బిడ్డ చెప్పు తీసేంత పని ఏం జేసినావురా?"

"అది నా చెప్పే మామా."

"ఎవుడ్రా నీకు మామ?"

అప్పుడే మరగతం చేతులు తలపైకెత్తి చప్పట్లు కొట్టింది. గ్యాలరీ అందుకుంది. ఆయన చెయ్యి నా కాలర్ మీదే ఉండిపోయింది. చెప్పు పక్కనుంచి ఆమె కదిలింది, పలక తగిలిన చప్పుడు ఒక్కటే వినిపించింది, తర్వాత ఇసుక లేచింది.

"ఏ జెండారా?" ఆయన కళ్లు మూసుకున్నాడు.

"తెల్లది మామా."

ఆరు మీటర్ల పన్నెండు అని మైకులో చెప్పేసరికి ఆయన ఆ కాలర్‌తోనే నన్ను దగ్గరికి లాగి వాటేసుకున్నాడు. కాసేపటికి తేరుకుని అడిగాడు.

"ఇంతకీ నువ్వెవురు?"

"ఇసుక ఇచ్చినోణ్ణి."

మరగతం ఒళ్లంతా ఇసుకతో వచ్చింది. చేతిలో నా చెప్పు.

"ఇయ్యి, తొడుక్కుంటా," అన్నాను.

"ఇయ్యను. నేషనల్స్‌కు మార్కు కావాల."

"ఒంటి చెప్పుతో ఇంటికెట్లా పోయేది?"

గోవిందస్వామి నా పాదం చూశాడు, కూతురి ముఖం చూశాడు. రెండోది ఇంకాస్త సేపు చూశాడు.

"నా బండెక్కు. నటేశన్ నగర్‌లో మా ఇంటికి పోయి కాఫీ తాగినాక మాట్లాడుకుందాం. నోరారా మామా అన్నావు గదా, ఇప్పుడు వద్దంటే యాడికి పోతావు?"

ఆమె చెప్పును బ్యాగులో పెట్టి జిప్ వేసింది.

"రేపు ఇసుక ఆరబెట్టాల. జల్లెడ తీసుకురా పురుషోత్తమా."

బండి వెనక కూర్చుని లెక్క చూసుకున్నాను. ఒక చెప్పు పోయింది. దాంతో పాటు ఆ "అన్నా" కూడా పోయింది. ఇంత లాభం మా కొట్టు ఏనాడూ చూడలేదు.