ఏడో కెమెరాలో నీళ్లు

"కాదమ్మడూ, పొడిచింది వీపులో కాదు, మెడలో. అది కొట్టేసి మళ్లీ రాయి," అంటూ తాతయ్య కథని మొదట్నించీ చెప్పసాగాడు; మనవరాలు రాసుకుంటోంది.

రాజమండ్రిలో, పట్టపగలు పదకొండు గంటలకి, నిరంజన్‌ని కుర్చీలోనే చంపేశారు. అతను విడ్జెట్ డిజైనర్. కాలవ లాకుల దగ్గరున్న పన్నెండు వెబ్‌క్యామ్‌లూ కంప్యూటర్ తెర మూలన ఒక చిన్న పెట్టెలో కనబడేలా, మైకు బటన్ నొక్కితే అక్కడి స్పీకర్‌లో మన మాట వినబడేలా తయారుచేశాడు.

పన్నెండుకల్లా సీక్రెట్ ఏజెంట్ ఏసురాజు కంప్యూటర్ రిపేరు వేషంలో దిగాడు. చేతిలో స్క్రూడ్రైవర్. చెవిలో చీఫ్ జోగేశ్వరరావు గొంతు.

"విదేశీ ముఠా పనయ్యా. చంపారు గానీ కంప్యూటర్ పట్టుకుపోలేదు. ఎందుకంటావ్?"

"అందులో ఏదో మార్చేసుంటారండి."

శవం పక్కన నిరంజన్ తోటి డిజైనర్ హర్షిత నిలబడి ఉంది. సిల్కు చీర, ఖరీదైన సెంటు. డిపార్ట్‌మెంటుకి రహస్యాలు అందించే మనిషే.

"పెనుగొండ బస్సు వెళ్లిపోయిందాండి?" అన్నాడు ఏసురాజు.

"తర్వాతిది పిఠాపురానికండి." కోడ్ సరిపోయింది. "విడ్జెట్ బాగానే ఉందండి. అన్నీ పచ్చలైట్లే, చూడండి."

చూశాడు. ఏడో కెమెరాలో, గోదారి నీళ్లు కాలవలోకి వదిలే హెడ్‌లాకు కింద, కాలవ గట్లొరుసుకుని పారుతోంది.

"ఏ ఊరమ్మా మీది?"

"రాజమండ్రేనండి."

"రాజమండ్రి మనిషివై ఉండి మే నెల్లో కాలవలో నీళ్లు చూపిస్తున్నావా? నీళ్లు ఆపి కాలవలు కట్టేసి పన్నెండు రోజులైంది! అక్కడ నలభైమంది పూడిక తీస్తున్నారు."

అది పాత వీడియో. హర్షిత జడలోంచి సన్నని కత్తి లాగి అతని భుజంలో దించింది. ఏసురాజు స్క్రూడ్రైవర్ ఆమె అరచేతిలోంచి దిగి బల్లకి గుచ్చుకుంది. ఆమె కేక పెట్టి, నవ్వింది.

"ఇంకో నిమిషంలో లాకు తలుపులు పేలిపోతాయ్. వెళ్లగలవా?"

వెనక ఆగిన గోదారంతా ఆ నలభైమంది మీద పడుతుంది. అతను వెళ్లలేదు. నెత్తురోడే చేత్తో ఏడో కెమెరాని లైవ్‌కి మార్చాడు. ఎండిన కాలవ, పారలు పట్టిన కూలీలు, గట్టుమీద పసుపు టోపీవాడు, వాడి చేతిలో రిమోట్. మైకు నొక్కాడు.

"గట్టుమీద టోపీవాడు! బాంబు! వాణ్ణి కొట్టండర్రా!"

కూలీల మేస్త్రీ చిట్టెమ్మ దగ్గర్లోనే ఉంది. వాడి బొటనవేలు మీటమీదికి వెళుతుండగా ఆమె పార మణికట్టుమీద పడింది.

"బతికున్నాడా?" అడిగాడు చీఫ్.

"ఉన్నాడండి, గట్టుమీద. చెయ్యే కాలవలో ఉంది."

"అంతేనమ్మడూ కథ. ఇది హైదరాబాదులో ఆ విడ్జెట్లు చేసే మీ బాబాయికి చదివి వినిపించు. తెరమీద కాలవలు గీసేవాడు ఏడాదికోసారైనా గట్టెక్కి చూడాలని చెప్పు."