ముగ్గుగీతల పడవ

హైదరాబాదు హుస్సేనీ ఆలంలోని ఆ ఇంటి లోపలి వాకిట్లో, ఆ పొద్దున కూడా పడవకు చిల్లు పడింది.

పడవంటే కట్టెపడవ కాదు. షాబాదు బండల మీద సూర్యప్రభ పోసిన ముగ్గుపడవ. ఆమె భర్త సదాశివరావు నక్షాల దఫ్తరులో కూర్చుని కాలువల గీతలు గీసీ గీసీ పింఛను పుచ్చుకున్నవాడు. ఒక్క కాలువలోనైనా కాలు తడిపిన పాపాన పోలేదు. ఇప్పుడు భార్యను వెంటబెట్టుకొని బెజవాడలో పడవెక్కి, కాలువల వెంబడే మద్రాసు దాకా వెళ్ళాలని ఆయన ముచ్చట. పడవ నడిపే సరంగు గది కొలతలు చెప్పి పంపితే, తాడు పట్టించి మరీ వాకిట్లో గీతలు గీయించాడు. గీతల లోపల పట్టిందే వెంట వస్తుంది. పొయ్యి, బిందె, సూర్యప్రభ చాప, ఆయన దూదిపరుపు పట్టాయి. పడక్కుర్చీ పట్టలేదు. ఆ దుఃఖం ఆయనకింకా తీరలేదు.

మధ్యాహ్నాలు ఆలుమగలిద్దరూ ఆ గీతల్లో కూర్చునేవారు.

"అగో, తాళ్ళతోపు వస్తున్నది. గట్టు మీద మనుషులు మోకు పట్టి పడవను గుంజుతున్నరు, చూడు," అనేవాడు సదాశివరావు.

సూర్యప్రభ కళ్ళు మూసుకునేది. మిద్దె మీది పావురాల రెక్కల చప్పుడు తెరచాప చప్పుడులా వినిపించేది. మొఘల్‌పురాలో పుట్టి హుస్సేనీ ఆలంకు కాపురానికొచ్చిన ఆమెకు తెలిసిన నీళ్ళల్లా అఫ్జల్‌గంజ్ వంతెన మీంచి కనబడే మూసీయే. ఈ ప్రయాణం మీద ఆమె ప్రాణాలన్నీ పెట్టుకుంది.

వాళ్ళ మాటలు సాగుతున్నంతసేపూ వంటింటి గడపలో రంగనాయకి బియ్యం ఏరుతూ ఉండేది. ఆమె సదాశివరావు అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి చేరింది. తల్లిలేని తమ్ముణ్ణి చంకనేసుకొని పెంచింది. మడి మనిషి, పరాయివాళ్ళు తాకిన నీళ్ళు కూడా ముట్టదు. అందుకే పడవ మాట వచ్చిననాడే సదాశివరావు, "అక్క మడి పడవల ఎట్ల సాగుతది? ఆమెకు ఇంట్లనే సుఖం," అన్నాడు. రంగనాయకి కూడా, "అవు, దేవునికి దీపం ఎవరు పెట్టాలె?" అంది. ఆ మాట అక్కడితో తీరిపోయింది.

తీరనిది ఈ చిల్లు సంగతే. రోజూ తులసికోట పక్కన, సరిగ్గా ఒకేచోట గీత చెరిగిపోతోంది. పిల్లి అనుకుని సూర్యప్రభ దిద్దింది. గాలి అనుకుని మళ్ళీ దిద్దింది. ఇవాళ మాత్రం ఆమె ఓపిక కూడా చెరిగిపోయింది. ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఒక్కరే కదా!

"వదినె, ఒకపారి ఇటు రాండి."

"ఏంది సూర్యా?"

"ఇదేంది? రోజూ గిట్లనే చెరుగుతున్నది. మేం పోవుడు మీకు ఇష్టం లేకుంటే నోటితోని చెప్పరాదా?"

సదాశివరావు అరచేతిలో పళ్ళపొడితో పరుగున వచ్చాడు. "పొద్దుగాల్నే ఏం లొల్లి?"

"మీ అక్కనే అడగండి! నా జన్మల ఒక్కపారి నీళ్ళ మీద పోదామంటే, ముగ్గుగీతను సుత ఓర్వలేకపోతున్నరు!"

మాట జారాక సూర్యప్రభ నాలుక కరుచుకుంది. రంగనాయకి తల వంచుకుని వంటింటి వైపు తిరిగింది.

అప్పుడు కనబడింది. ఆమె కావిరంగు చీరకు వెనక, నడుము కింద, తెల్లగా ముగ్గుపిండి. చీపురుతో చెరిపిన మనిషికి పిండి పాదాలకంటాలి గాని అక్కడెందుకంటుంది? సూర్యప్రభ మళ్ళీ గీత వైపు చూసింది. పొయ్యి, బిందె, పరుపు, చాప పోను మిగిలింది తులసికోట పక్కన ఒక్క సందు. అందులో మూడో మనిషి ఎంత ఒదిగినా గీత మీదే కూర్చోవాలి.

"వదినె... మీరు పొద్దున్నే ఇందుల కూసుంటున్నరా?"

రంగనాయకి తప్పు చేసిన పిల్లలా కొంగు నలిపింది. "మీరు లేవకముందు, జరంతసేపు. తమ్ముడు చెప్తుంటడు గద, తాళ్ళతోపు, గట్టు... ఎట్లుంటదో అని. రేపటికెల్లి కూసోను తియ్."

"మరి రానంటివి గదక్కా! నీ మడి..."

"నేను రానన్ననా? దీపం ఎవరు పెట్టాలె అన్న. నా మడి ఫికర్ మీరే చేసినరు, తీర్పు మీరే చెప్పినరు. వస్తవా అక్కా అని ఒక్కపారన్న అడిగినవా సదాశివా? చుట్టూ గంగమ్మ ఉంటే నా మడికేం తక్కువరా?"

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. సదాశివరావు చేతిలోని పళ్ళపొడి నేలరాలింది. ఊళ్ళ కాలువలన్నీ కాగితం మీద కొలిచినవాడు అక్కకు కూర్చునేంత చోటు కొలవడం మరిచిపోయాడు.

సూర్యప్రభకు కన్నీళ్ళు ఆగలేదు. "నన్ను మాఫ్ చెయ్యండి వదినె," అంటూ లోపలికి వెళ్ళి ముగ్గుగిన్నె తెచ్చింది. "మీ జాగా మీరే గీసుకోండి."

రంగనాయకి చేతులు వెనక్కి లాక్కుంది. భర్త పోయిననాటినుంచి ఆ చేతులు ముగ్గు ముట్టలేదు. ముట్టకూడదని అందరూ అన్నారు, ఆమె నమ్మింది.

"నేను పట్టొద్దు గదమ్మా."

"గడప ముందర ముగ్గుకు పట్టొద్దేమో. ఇది పడవ. దీపానికి ఫికర్ లేదు, పక్కింటి సుశీలమ్మకు తాళంచెవి ఇస్తం." ఆమె అరచేయి తెరిచి పిండి పోసింది సూర్యప్రభ. "గీత జర ఇవతలికి జరపండి, జాగా పెరుగుతది."

"జరపొద్దు," అంది రంగనాయకి, కన్నీళ్ళలోంచే నవ్వుతూ. "మనం గీస్తే సరంగు పడవ పెరుగుతదా?"

సదాశివరావు తన దూదిపరుపు చుట్టి, ఎత్తుకెళ్ళి పడక్కుర్చీ పక్కన పడేశాడు. పరుపు పోయినచోట ఒక మనిషికి సరిపడా నేల తేలింది.

రంగనాయకి చిటికెడు పిండి వేళ్ళ మధ్య పట్టింది. కాసేపటికి వాటికి పాత అలవాటు గుర్తొచ్చింది. గీత సన్నగా, తిన్నగా సాగి చిల్లు మూసింది. ఆమె లోపలికొచ్చి పరుపు పోయినచోట కాళ్ళు చాపుకుని కూర్చుంది, కళ్ళు మూసుకుంది.

"చెప్పరా సదాశివా, తాళ్ళతోపు దాటినంక ఏమొస్తది?"