దీపాల కొట్టులో పేమెంట్ పేజీ

"ఆగండాగండి! కాలు పెట్టకండి!"

పెట్టకండి అనేసరికి కంగారుపడి పెట్టేశాడు. కాలి కింద కాగితపు దీపం నలిగి చదునుగా పడి ఉంది.

గుమ్మం అవతల వాన. గుమ్మం లోపల తడిసిన గొడుగుతో ఒక ప్రోగ్రామరు. అతని ఎదురుగా, వేళ్ల నిండా జిగురు పూసుకున్న ఒక అమ్మాయి.

"అది మూడ్రోజుల పని," అందామె.

"రెండు నిమిషాల్లో బాగుచేసిస్తాను."

"చేతనవుతుందా?"

"లేదండి. అలవాటుగా అనేశాను."

ఆమెకు నవ్వొచ్చింది గానీ బయటపడలేదు. ఆ రోజు నుంచి ఆ కొట్లో అతని పేరు 'రెండు నిమిషాలు'.

కొట్టు ఆమె తండ్రిది. సన్నటి పుల్లలు వంచి, పల్చటి కాగితం అతికించి దీపాలు చేస్తాడాయన. వీధిలోకి వచ్చి కొనేవాళ్లు తగ్గిపోయారని, ఈ వానలు వెలిశాక కొట్టు మూసేద్దామనుకున్నాడు. కూతురు పట్టుబట్టి యాప్ చేయించింది. జనం చూస్తున్నారు, మెచ్చుకుంటున్నారు, తీరా కొనబోతే 'ఫోన్ చేయండి' అని కనబడేసరికి వెళ్లిపోతున్నారు. యాప్‌లోనే డబ్బు కట్టే ఏర్పాటు చేయడానికి వచ్చాడు అతను.

"పేమెంట్ లైబ్రరీ ఒకటి కలిపితే సరిపోతుంది," అన్నాడు లాప్‌టాప్ తెరుస్తూ.

"లైబ్రరీ అంటే పుస్తకాలుండాలిగా?"

"ఇందులో కోడ్ ఉంటుంది. వేరేవాళ్లు ముందే రాసిపెట్టింది. కార్డు నంబరు మన కంట పడకుండా అదే బ్యాంకుతో మాట్లాడుకుంటుంది. అది చెప్పేది మనం సరిగ్గా వింటే చాలు."

"మీకు వినడం వచ్చా?"

"మీరు మాట్లాడుతుంటే వస్తోంది."

ఆమె చప్పున తల దించుకుని జిగురు గిన్నెలో కుంచె ముంచింది. చాలాసేపు ముంచుతూనే ఉంది.

టెస్ట్ మోడ్‌లో అసలు డబ్బు కదలదు. ఉత్తుత్తి కార్డుతో ఆమె కొనేది, అతను తెర మీద చూసుకునేవాడు. ఒకసారి కోపిష్టి మామ్మలా, ఒకసారి బేరమాడే మావయ్యలా గొంతు మార్చి మరీ కొనేది. మధ్యాహ్నమే మబ్బు కమ్మితే తండ్రి నాలుగు దీపాలు వెలిగించేవాడు. అద్దం మీద జారే చినుకులు ఆ వెలుగులో తేనెరంగు తిరిగేవి. ఆమె ముఖం కూడా. అతని చేతి వేళ్లు టైపు చేస్తూ చేస్తూ ఎక్కడో ఆగిపోయేవి.

నాలుగో రోజు ఆమె అంది, "అన్నీ పనిచేస్తున్నాయిగా. రేపు అమ్మకాలు మొదలెట్టేద్దాం. అందరికీ చెప్పేశాను కూడా."

"రేపు వద్దండి. డబ్బు కట్టగానే ఎవరైనా ఫోన్ ఆపేస్తే, డబ్బు వెళ్లిపోతుంది, ఆర్డరు మనకి రాదు. ఇంకో రెండ్రోజులు కావాలి."

"ఈ పని మీ ఆఫీసులో కూర్చుని చేసుకోవచ్చట. అడిగితే మీ ఆఫీసువాళ్లే చెప్పారు. కావాలనే సాగదీస్తున్నారా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఇక్కడికి రావడం కావాలనే. యాప్‌లో తప్పు మాత్రం నిజంగానే ఉంది."

"మా నాన్న కొట్టు మీకు కాలక్షేపమా? అయితే ఆఫీసులోనే చేసుకోండి."

అతను లాప్‌టాప్ మూసి వానలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు కొట్టు మరీ విశాలంగా అనిపించింది. ఆమె ఒక్కతే ఒక దీపం కొని, 'చెల్లించు' నొక్కి, ఫోన్ ఆపేసింది. ఎంతసేపు చూసినా ఆర్డరు రాలేదు.

"అతను చెప్పింది నిజమే నాన్నా."

"ఏది? తప్పున్న సంగతా, కావాలని వస్తున్న సంగతా?"

"నాన్నా!"

ఆ మర్నాడు మధ్యాహ్నం అతని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: 'సరిచేశాను. ఇప్పుడు కొని, వెంటనే ఫోన్ ఆపేయండి.'

ఆపేసింది. కొట్లోని కంప్యూటరు వంక చూసింది. కాసేపటికి ఆర్డరు తెర మీద ప్రత్యక్షమైంది. ఫోన్ ఆన్ చేసి అతనికి కలిపింది.

"వచ్చింది!"

"హమ్మయ్య. డబ్బు కట్టిన కబురు బ్యాంకు నుంచి నేరుగా మన సర్వరుకే వచ్చేలా మార్చాను. ఇక కొనేవాళ్ల ఫోన్ ఆగిపోయినా భయం లేదు."

"మొన్న అరిచాను."

"అరవాల్సిందే. కొట్టు మీది."

"అరిచినందుకు కాదు బాధ. నిజంగానే నువ్వు ఇటు రావడం మానేస్తావేమోనని."

అటు వైపు ఏదో కింద పడిన చప్పుడు.

"ఉన్నావా?"

"ఉన్నాను. ఇందాక 'నువ్వు' అన్నావు."

"అన్నాను. మళ్లీ అనాలంటే ఎదురుగా ఉండాలి."

అరగంటలో ఎదురుగా ఉన్నాడు, నిలువెల్లా తడిసి.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ కూర్చుని యాప్‌లో అమ్మకాలు మొదలెట్టారు. తొలి ఆర్డరు ఎక్కడో దూరపు ఊరి నుంచి. చీకటికి భయపడే తన కూతురి గదికట, ఒక తల్లి రాసింది. తండ్రి ఆ రెండు వాక్యాలు మూడుసార్లు పైకి చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని, మూసేద్దామన్న మాట ఎన్నడూ అననట్టే కొత్త కాగితం చుట్ట విప్పాడు.

విప్పుతూ విప్పుతూ అతని వైపు తిరిగాడు. "మీ ఇంట్లో ఎవరెవరున్నారు బాబూ?"

"అమ్మ, అక్క."

"ఆదివారం తీసుకురా. యాప్ పని మీదని చెప్పకు. అసలు సంగతి చెప్పి తీసుకురా."

అతను ఆమె వంక చూశాడు. ఆమె అప్పటికే అతని వంక చూస్తోంది.

కంప్యూటరు టింగుమంది. రెండో ఆర్డరు. ముగ్గురిలో తండ్రి ఒక్కడే దాని వంక చూశాడు.