అర నిమిషం ఆలస్యం

"సర్వర్ నాదైతే తప్పు నాదేనా? ముందు మీ డేటాబేస్ ఏం వెలగబెడుతోందో చూసుకోండి," అంది రూట్ మేడమ్, కుర్చీ గిర్రున నా వైపు తిప్పి.

మధ్యాహ్నం మూడుంపావు. ఆస్పత్రి కంప్యూటర్ గది.

యూనిక్స్ సర్వర్‌కి అసలు తాళంచెవి, అంటే రూట్ పాస్‌వర్డ్, ఆమె దగ్గరే ఉంటుంది. ఆ పేరు అందుకే వచ్చింది. ఆ సర్వర్ మీద నడిచే డేటాబేస్ నాది. రెండేళ్ళుగా కిటికీ లేని ఈ గదిలో ఒకరికొకరం వీపు పెట్టుకుని పనిచేస్తున్నాం. ఏది నెమ్మదించినా ఆమె డేటాబేస్ అంటుంది, నేను సర్వర్ అంటాను. ఈ పోట్లాట లేకపోతే నాకు పొద్దుపోదు.

పొద్దుపోని రోజులు సోమవారం నుంచి మొదలవబోతున్నాయి. ఆమెను ఉదయం షిఫ్ట్‌కి వేశారు. నేను మధ్యాహ్నంలోనే మిగిలాను.

"ఉదయానికి ఒక డేటాబేస్ మనిషి కూడా కావాలి. ఇష్టమైనవాళ్ళు పట్టికలో మీరే మార్చుకోండి. నాలుగింటికి మూసేస్తాను," అన్నారు మా విభాగం పెద్దసారు. ఆ డ్యూటీ పట్టికా నా డేటాబేస్‌లోదే. రెండు నలభైకి నా పేరు ఎదురుగా 'మధ్యాహ్నం' తీసి 'ఉదయం' అని కొట్టాను. ఇక ఖాయం చేస్తూ ఒక్క మాట కొడితే చాలు. సరిగ్గా అక్కడే చెయ్యి ఆగిపోయింది. ఎందుకు మారారని ఆమె అడిగితే ఏం చెప్పాలి? ఏదీ తేల్చుకోలేక, అంతా అలాగే వదిలేసి టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ల్యాబ్ రిపోర్టులు నత్తనడక నడుస్తున్నాయి.

ఆమె బల్ల మీది ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కింది. ల్యాబ్ ఇన్‌చార్జి, ఆమెకు స్వయానా పిన్ని.

"అమ్మాయ్, ఒక్కో రిపోర్టుకి అర నిమిషం పడుతోంది. కౌంటర్ దగ్గర నలభై మంది ఉన్నారు. ఒకావిడ చంటిపిల్లను ఎత్తుకుని అరగంట నుంచీ నిలబడే ఉంది."

"చూస్తున్నాం పిన్నీ. లైన్లోనే ఉండు."

ఆమె చకచకా నాలుగు కమాండ్లు కొట్టి, నన్ను రమ్మని సైగ చేసింది.

"ప్రాసెసర్ తొంభై శాతం ఖాళీ. మెమరీ బోలెడుంది. డిస్క్ గోళ్ళు గిల్లుకుంటోంది. నా సర్వర్‌కి అసలు పనే లేదు."

"మరి రిపోర్టుల ప్రాసెస్ ఎందుకు నెమ్మదించింది?"

"నెమ్మదించలేదండీ, ఎదురుచూస్తోంది. ఎవరో దారికి అడ్డంగా కూర్చున్నారు. ఎవరో మీరే చెప్పాలి."

"చెప్తాను. మీరు రాసిన స్క్రిప్టే ఏదో అయ్యుంటుంది," అని, ఎవరి కోసం ఎవరు ఆగారో చూపించే జాబితా దర్జాగా తెరిచాను.

ఒకే ఒక్క పేరు వచ్చింది. నాది. పక్కన, రెండు నలభై నుంచి ఖాళీ అని ఉంది.

రిపోర్టు తయారైన ప్రతిసారీ, డ్యూటీ పట్టికలో ఆ పూట మనిషి పేరున్న వరుసలో ప్రోగ్రాం ఒక అంకె పెంచుతుంది. ఈ పూట డ్యూటీ నాదే. నా వరుసను సగం మార్చి, తేల్చకుండా పట్టుకుని కూర్చున్నది కూడా నేనే. నేను తేల్చేదాకా ఆ వరుసను ఇంకెవరూ ముట్టుకోలేరు. పాపం ఆ ప్రాసెస్ ప్రతి రిపోర్టుకీ అర నిమిషం ఆగి, విసిగి, అంకె వదిలేసి ముందుకు పోతోంది.

ఆమె వంగి నేను చివర కొట్టిన వాక్యం చదివింది. మళ్ళీ చదివింది.

"ఉదయం షిఫ్ట్‌కా? పది దాటితే గాని మీకు తెల్లారదు కదా."

"ఉదయమైతే ఎండ తగలదని."

"మన గదికి కిటికీయే లేదు."

ఆమె కీబోర్డు మీద చెయ్యి వేసింది.

"నేను ఇక్కడ నుంచే మీ సెషన్ చంపెయ్యగలను. చంపితే మీరు చేసిన మార్పు కూడా పోతుంది. చంపనా, చెప్తారా? నలభై మంది ఆగున్నారు, తొందరగా."

చంటిపిల్ల తల్లి కళ్ళ ముందు మెదిలింది. ఇక నాన్చితే నా అంత దుర్మార్గుడు ఉండడనిపించింది.

"మీరు లేకుండా ఈ గదిలో కూర్చోలేను," అన్నాను. "రెండేళ్ళ నుంచీ మీరంటే ఇష్టం. చెప్పడానికి భయమేసింది. అదీ సంగతి."

ఆమె కీబోర్డు మీద నుంచి చెయ్యి తీసేసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే ఆ మార్పు ఖాయం చెయ్యకండి. వెనక్కి తీసుకోండి."

"ఇష్టం లేకపోతే..."

"పూర్తిగా వినండి ముందు. పొద్దున్నే పెద్దసారుని ఫోన్లో బతిమాలాను. నన్ను మధ్యాహ్నంలోనే ఉంచడానికి ఒప్పుకున్నారు, పట్టిక మూసేటప్పుడు మారుస్తానన్నారు. ఇప్పుడు మీరు ఉదయానికి వెళ్తే నేను ఎవరితో పోట్లాడాలి?"

నా బల్లవైపు వంగి, వెనక్కి తీసుకునే మాట కొట్టడానికి నాకు అర క్షణం పట్టలేదు. మార్పు రద్దయింది. ఆగిపోయిన రిపోర్టులు కదిలాయి.

"ఆ, వస్తున్నాయి, జలజలా వస్తున్నాయి," అంది ఫోన్. పిన్ని గారు లైన్లోనే ఉన్నారన్న సంగతి ఇద్దరం మర్చేపోయాం. "చంటిపిల్ల రిపోర్టు ఇచ్చేశాను, అంతా బాగుంది. ఇంతకీ అమ్మాయ్, ఇంట్లో నువ్వు రోజూ తిట్టిపోసే డేటాబేస్ అబ్బాయి ఈయనేనా?"

"ఊ," అంది ఆమె, బల్లవైపు చూస్తూ.

"రోజూ ఒకళ్ళనే తిడుతుంటే నాకు అప్పుడే అనుమానం వచ్చింది. బాబూ, ఆదివారం ఇంటికి రా. మా అక్కతో, బావగారితో నేను మాట్లాడతాను. ఈసారి మాత్రం ఏ సంగతీ సగంలో వదిలెయ్యకు."

"వదలనండీ," అన్నాను బుద్ధిగా.

నాలుగింటికి పెద్దసారు పట్టిక మూసేశారు. మా ఇద్దరి పేర్లూ మధ్యాహ్నంలోనే ఉన్నాయి. నేను నా కుర్చీలోకి వెళ్ళి, కాసేపాగి వెనక్కి తిరిగి చూశాను. ఆమె తన కుర్చీని ఇంకా తన బల్లవైపు తిప్పుకోలేదు.