ఖాళీ పెట్టెకు చప్పట్లు

"ఏమండీ, ఇది వెలగదు," అంది రిపేరమ్మాయి, పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతూ.

"అలా ఊపకండి! ప్రపంచాన్నే మార్చే యంత్రమది!" అన్నాడు షాపతను.

"మారుస్తుందిలెండి. ముందు దానికి కరెంటు ఎక్కాలిగా!"

ఆ కొత్త గేమ్ కన్సోల్ కోసం కంపెనీ చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. పోస్టర్లలో పెట్టె బొమ్మే లేదు. నల్లగుడ్డ కప్పిన ఏదో ఆకారం, కింద "ఇన్నాళ్ళూ మీరు బతికింది రిహార్సల్" అన్న మాట. గుడ్డ తీసే వీడియోకి ముందు, గుడ్డ తీస్తామని చెప్పే వీడియో ఒకటి వచ్చింది. దానికే జనం కంటతడి పెట్టారు.

సందడి ఎక్కువున్న చోట సరుకు తక్కువని పదేళ్ళ వ్యాపారంలో నేర్చుకున్నవాడు షాపతను. అయినా ఈసారి మతి పోగొట్టుకున్నాడు. సగం కన్సోల్ వల్ల, సగం తన షాపు మూలన బల్ల వేసుకుని రిపేర్లు చేసే ఈ అమ్మాయి వల్ల. వారం క్రితం ధైర్యం చేసి పెళ్ళి మాట ఎత్తాడు. ఆమె స్క్రూ బిగించడం ఆపలేదు. "లాంచ్ అయ్యాక చెబుతా. ఇప్పుడు మీరు మనిషిలా లేరు, పోస్టర్‌లా ఉన్నారు," అంది.

ఇవాళే లాంచ్. క్యాష్ కౌంటర్లో షాపతని అమ్మ రసీదు పుస్తకాలు సర్దుకుని కూర్చుంది. బయట జనం షట్టర్ బాదుతున్నారు.

"ఎలాగోలా టీవీలో బొమ్మ తెప్పించండి, మీకు పుణ్యముంటుంది!"

"తెప్పిస్తా. కానీ ఈ పెట్టె..."

"తర్వాత చెబుదురుగానీ!"

పది నిమిషాల్లో బొమ్మ వచ్చింది. షట్టర్ లేచింది.

ఆ తర్వాత చూడాలి! ఒకావిడ కంట్రోలర్ ముట్టుకోగానే కళ్ళు మూసుకుంది. "పాతదాంట్లో ఈ ఆకుపచ్చ ఉందా అసలు?" అన్నాడొకడు. నల్లకళ్ళద్దాలాయన, "ఆటలో గాలి కూడా ఒంటికి తగులుతోందండీ!" అన్నాడు. ఆయన నిలబడింది ఫ్యాను కింద.

షాపతను మైకు అందుకున్నాడు. "తాకగానే నాకే ఒళ్ళు జలదరించింది!"

మూలన రిపేరమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతను దగ్గరికొచ్చి, "ఎందుకా నవ్వు?" అన్నాడు.

ఆమె టీవీ బల్ల కింది గుడ్డ ఎత్తింది. అక్కడ దుమ్ముకొట్టుకుపోయిన పాత కన్సోల్ బుసలు కొడుతోంది. టీవీ వైరు దానికే ఉంది.

"పైనున్నది డమ్మీ. అద్దాల బీరువాలో పెట్టుకోమని కంపెనీ పంపిన ఉత్త డొప్ప. అసలు సరుకు రానేలేదు. చెప్పబోతే విన్నారా?"

"మరి కంట్రోలర్?"

"అదీ పాతదే. దాని ఆకారం వాళ్ళెప్పుడు మార్చారు గనక!"

పైన పటారం, లోన లొటారం. షాపతను గుమ్మం వైపు చూశాడు. బుకింగ్ వరుస అప్పటికే వీధి మలుపు దాటింది.

ఆమె నవ్వు ఆగిపోయింది. "జలదరించకుండానే జలదరించిందని అంత తేలిగ్గా అనేశారే! మరి పోయినవారం నాతో అన్నమాటని ఏ ఖాతాలో వేసుకోమంటారు?"

ఎంత పెద్ద బేరాన్నయినా చిటికెలో తేల్చే షాపతను ఈసారి నెమ్మదిగా వెళ్ళి మైకు తీసుకున్నాడు.

"క్షమించాలి. ఇది ఖాళీ డొప్ప. మీరు ఆడింది పాత కన్సోల్. నా ఒళ్ళు జలదరించిందన్నదీ అబద్ధమే. వద్దనుకున్నవాళ్ళు నిక్షేపంగా వెళ్ళిపోవచ్చు." డొప్ప మూత ఊడదీసి, లోపల చెయ్యి తిప్పి మరీ చూపించాడు.

ఆ వెంటనే చప్పట్లు.

"లోపల ఏమీ లేకుండానే నడుస్తోందా!" అన్నాడు నల్లకళ్ళద్దాలాయన. "ఏం టెక్నాలజీ అండీ! నాకు రెండు రాయండి!"

షాపతను నీరసంగా రిపేరు బల్ల దగ్గరికొచ్చాడు. "నిజాన్ని ఎవరూ కొనలేదండీ."

"నేను కొన్నాగా."

"అయితే నా సంగతీ విప్పి చెప్పేస్తా. నాకు కోపం ఎక్కువ. గురక పెడతాను. ఇంకా..."

"అవన్నీ నేనెప్పుడో చెప్పేశాన్రా!" క్యాష్ కౌంటర్లోంచి వాళ్ళమ్మ కేకేసింది. "నువ్వు అడిగిన మర్నాడే చెప్పా. పళ్ళు తోమకుండా కాఫీ తాగుతావని కూడా చెప్పా. లోపం దాచి అంటగడితే, రేపు దెబ్బలాటకొచ్చేది నా దగ్గరికే కదా!"

షాపతను తెల్లబోయాడు. "అన్నీ విని కూడా కాదనలేదా మీరు?"

"ఒక్కటే తేలలేదు. తప్పు చేస్తే ఒప్పుకుంటారా, లేదా అని. అది తనకీ తెలీదన్నారు ఆంటీ."

"ఇప్పుడు తేలింది కదమ్మా?" అంది అమ్మ, రసీదు చింపుతూ.

"తేలింది, అత్తయ్యా," అంది రిపేరమ్మాయి.