నిలబడినదాని ఎర్ర చుక్క

2091లో విశాఖ బడుల్లో కట్టడాల పాఠం నీలిపటం యంత్రమే చెబుతుంది. పేరున్న ఏ కట్టడం అడిగినా, పాతకాలపు ఇంజనీర్ల బ్లూప్రింట్ లాగా నీలి కాగితం మీద తెల్లగీతలతో గీస్తుంది. ఏ స్తంభం ఎంత బరువు మోస్తుందో పక్కన చిన్న అక్షరాల్లో రాస్తుంది. దాన్ని తయారుచేసిన వకుళ ఒకే నియమం పెట్టింది: పిల్లలు ఎక్కువగా ఏది అడుగుతారో, అది ఇకమీదట అడక్కుండానే చూపించాలి.

పిల్లలు ఎక్కువగా అడిగింది ఒక్కటే. "ఎక్కడ కొడితే పడిపోద్ది?"

అలా ప్రతి పటం మీదా ఒక ఎర్ర చుక్క మొలిచింది.  వకుళ దాన్ని తీసేయాలనుకుంది. కానీ కూతురు మిన్నుకి జ్వరం, ఆ తర్వాత దగ్గు... పని వెనకబడింది.

ఈలోగా పల్లంపేట జనం వచ్చారు. సముద్రాన్ని నగరంలోకి రానివ్వని సాగరద్వారం, ఆ నీళ్లన్నీ వాళ్ల పేట మీదికి మళ్లించింది. వాళ్లలో భద్రయ్య అనేవాడు ఇనుపరాడ్డుతో కాపలావాడి తల పగలగొట్టి వకుళ ప్రయోగశాలలోకి దూరాడు. వెనకే గుమ్మంలో అతని తమ్ముడు.

"సాగరద్వారం పటం తియ్యమ్మా. సుక్క సూసుకుని ఎల్లిపోతాం," అన్నాడు భద్రయ్య.

"వద్దన్నా! అది కూలితే నగరమంతా మునిగిపోతుంది."

"మా పేట ములిగినప్పుడు అన్నా అన్నావేటి? నా పెళ్లాం శవమైనా దొరకలేదు."

బల్ల కింద దాక్కున్న మిన్నుని జుట్టు పట్టి బయటికి లాగాడు. పిల్ల కేక పెట్టింది. అతను రాడ్డు ఎత్తాడు.

వకుళ యంత్రం వైపు తిరిగింది. "ఇతన్ని గియ్యి."

"ఇది కట్టడం కాదు," అంది యంత్రం.

"నిలబడే ఉన్నాడుగా! గియ్యి!"

కాగితం జారింది. వెన్నెముక స్తంభంలా, పక్కటెముకలు దూలాల్లా ఉన్నాయి. ఎర్ర చుక్క ఎడమ చెవి కింద.

వకుళ బల్ల మీది మొనతేలిన ఉక్కు కంపాస్ అందుకుని సరిగ్గా అక్కడే దించింది. భద్రయ్య చేతిలోంచి పిల్ల జారిపోయింది. నెత్తురు నీలి కాగితం మీద చిమ్మింది. అతను కూలాక కూడా వకుళ చెయ్యి ఆగలేదు. పటంలో ఒక్క చుక్కే ఉంది. ఆమె మళ్లీ మళ్లీ పొడిచింది.

"అమ్మా, సాలమ్మా," అంది మిన్ను ఏడుస్తూ. అప్పుడు ఆగింది. కంపాస్ కింద పడేసి పిల్లని చంకనెత్తుకుంది.

గుమ్మంలో తమ్ముడు పారిపోలేదు. అన్నని చూశాడు. యంత్రాన్ని చూశాడు.

"నిలబడుంటే సాలన్నమాట," అన్నాడు మెల్లగా. "ఐతే ఇప్పుడీవిడని గియ్యి."

ఈసారి యంత్రం ఎదురు చెప్పలేదు. కాగితం అతని కాళ్ల దగ్గరికి జారింది. వకుళ ఒళ్లంతా తెల్లగీతలే. చుక్క ఆమె మీద ఎక్కడా లేదు, చంకలోని పిల్ల మీద ఉంది.

అతను పటం మీంచి కళ్లెత్తి మిన్నుని చూశాడు. తర్వాత వంగి అన్న రాడ్డు అందుకున్నాడు.