జానెడు దాటిన మెట్టు

ఓడలో ఆరో రోజు పొద్దున్నే అమ్మ దుప్పట్లు మడతపెడుతోంది. ఆ పనికి మనుషులున్నారని కూతురు ఐదు రోజులుగా మొత్తుకుంటూనే ఉంది. వింటేగా!

"ఇవాళ ఆ రాతిమెట్ల ఊళ్ళో ఆగుతున్నాం కదా. రేవులో సిటీబస్సెక్కి నేను వెళ్ళొస్తానే," అంది అమ్మ, పక్కవీధికి కూరగాయలకు వెళ్తున్నట్టు.

"ఒక్కదానివా? ఓడవాళ్ళ టూరు బస్సుంది కదమ్మా!"

"వాళ్ళు కింద నిలబెట్టి ఫొటోలు తీయించి తెచ్చేస్తారట. ఎక్కే టైమివ్వరు."

"ఎక్కకూడదనే! మోకాలి ఆపరేషనై ఏడాది కాలేదు. నూటపన్నెండు మెట్లు! పైగా ఓడ నాలుగింటికల్లా కదుల్తుంది. టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది గానీ, నీకోసం ఆగదు."

కూతురు ఫిజియోథెరపిస్టు. ఊరందరి మోకాళ్ళూ ఆమె మాట వింటాయి, కన్నతల్లిది తప్ప. పదకొండింటికి ఓడ రేవు చేరాక ఆమె స్నానం చేసి వచ్చేసరికి గదిలో అమ్మా లేదు, చేతికర్రా లేదు.

ఆ మెట్ల గొడవ ఈనాటిది కాదు. నాన్న తాపీమేస్త్రీ. మెట్లు కట్టడంలో పెట్టింది పేరు. మెట్టు ఎత్తు అమ్మ జాన దాటకూడదన్నది ఆయన లెక్క. టేపు జేబులో ఉన్నా, కొలత మాత్రం అమ్మ చెయ్యే. ఎవరింట మెట్లు పూర్తయినా ముందు అమ్మే ఎక్కాలి. ఆమె పైకి చేరగానే కింద నుంచి కేకేసేవాడు, "ఏమోయ్, మోకాలేమంటోంది?" అని. "ఏమీ అనట్లేదు" అని ఆమె అంటేనే ఆయన తాపీ కడిగేవాడు. పాత క్యాలెండర్‌లోంచి చింపి గోడకు అంటించిన ఈ ఊరి శిథిలాల మెట్ల బొమ్మ చూపించి, "ఈ మెట్లు కూడా నీచేత ఎక్కించాలోయ్" అంటుండేవాడు. ఆయన పోయి మూడేళ్ళు. అమ్మ పట్టుబట్టి ఈ ఓడకే టిక్కెట్లు కొనిపించింది.

కూతురు టాక్సీ ఎక్కి పరుగున వచ్చింది. నలభయ్యో మెట్టు మీద అమ్మ కూర్చుని, రాతి మీద జాన పరిచి కొలుస్తోంది.

"పై ప్రాణాలు పైనే పోయాయి తెలుసా! నొప్పెంత ఉంది? పదిలో ఎంత?"

"నీ పదులూ నువ్వూ! నీకు నా మోకాలు తప్ప నేను కనిపించనే."

కూతురికి ఆ మాట సూటిగా తగిలింది. కోపం ఎటు పోయిందో పోయింది.

"మీ నాన్న పోయాక ఎన్ని మెట్లెక్కినా, కింద నుంచి ఎవరూ అడగరే," అంది అమ్మ. "ఇక్కడైనా వినిపిస్తుందేమోనని వచ్చాను. పిచ్చిదాన్ని."

కూతురు గడియారం చూసుకుంది. పన్నెండున్నర. అమ్మ పక్కనే కూర్చుని ఆ జానకేసి చూసింది.

"సరిపోయిందా?"

"ఎక్కడ! రెండువేళ్ళు ఎక్కువే. నాన్నయితే కొట్టించి మళ్ళీ కట్టించేవాడు."

ఇద్దరూ నవ్వారు. "సరే, లే. బాగున్న కాలు ముందు వెయ్యి. పది మెట్లకోసారి కూర్చోవాలి, మాట తప్పావో చూడు. టాక్సీని కింద ఉండమన్నాను," అంది కూతురు, అమ్మ నడుం వెనక చెయ్యి ఆనించి.

గంట పట్టింది. ఇంకో పదిమెట్లు ఉన్నాయనగా కూతురు ఆగిపోయింది.

"నువ్వెళ్ళు. నేనిక్కడే ఉంటా."

అమ్మ కర్ర ఊతంతో ఒక్కో మెట్టే ఎక్కింది. పైన విరిగిన స్తంభాలూ, వాటి వెనక సముద్రం, రేవులో తమ ఓడ. అమ్మ అవేవీ చూడలేదు. అలవాటుగా కిందికే చూసింది.

కూతురు నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టుకుని కేకేసింది.

"ఏమోయ్! మోకాలేమంటోంది?"

అమ్మ చేతికర్ర మీద తల ఆనించి భోరుమంది. చాలాసేపటికి ముఖం తుడుచుకుని, "చంపేస్తోంది!" అని గట్టిగా జవాబిచ్చింది. "రెండువేళ్ళు ఎక్కువ కట్టారని మీ నాన్నకి చెప్పు!"

కూతురు కళ్ళు తుడుచుకుంటూ మెట్టు మీద కాలు పెట్టబోయింది.

"ఆగవే, రాకు," అంది అమ్మ. "అక్కణ్ణుంచే ఇంకొక్కసారి అడుగు."